గ్రిట్టు గిన్నె లెక్కలు: తోలుగుడ్డు నుంచి పిల్లల దాకా

మొదటి రోజు

బూడిద రంగు పావురాల జంట గూట్లో సాయంత్రం గుడ్డు కనిపించింది. తాకగానే వేలు లోపలికి దిగింది. పెంకు లేదు, తడి కాగితం లాంటి పొర మాత్రమే ఉంది. కోళ్లు పెంచేవారు దీన్ని తోలుగుడ్డు అంటారు. నాకు ముందు వచ్చింది బాధ కాదు, ఉక్రోషం. పావురాలు గింజలతో పాటు తినే రాతి ముక్కలు, ఆల్చిప్పల ముక్కల మిశ్రమమే గ్రిట్టు. ఆ గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంచుతున్నాను కదా!

3వ రోజు

రెండో గుడ్డుకు పెంకైతే ఉంది కానీ గరుకుగా, పలచగా ఉంది. తల్లి కూర్చోగానే చిట్లిపోయింది. గుడ్డు పెట్టే ముందు అది పూటంతా ఒళ్లు ముడుచుకుని, తోక ఆడిస్తూ నేల మీదే కూర్చుంది. గుడ్డు అడ్డం పడినప్పుడు కనిపించే లక్షణాలివి. వెచ్చగా, చీకటిగా ఉన్న పెట్టెలో ఉంచి, పశువైద్యుడి దగ్గరికి బయలుదేరబోతుండగా గుడ్డు వచ్చేసింది. పొట్ట నొక్కి గుడ్డు తీయాలని మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. లోపల పగిలితే పక్షి దక్కదు.

రాత్రి గిన్నెలో మిగిలిన గ్రిట్టును తెల్ల కాగితం మీద పోసి చూశాను. దాదాపు అంతా ఎర్ర రాతి ముక్కలే. ఒక చెంచాడు వెనిగర్‌లో వేస్తే ఒకటి రెండు బుడగలు వచ్చాయి. కొత్త పొట్లంలోది వేస్తే మాత్రం బుసబుసా పొంగింది. ఆల్చిప్పల ముక్కలు కాల్షియం కార్బొనేట్ కాబట్టి పొంగుతాయి, గ్రానైటు పొంగదు. అంటే పావురాలు చిప్పలన్నీ ఏరుకు తినేసి రాళ్లు వదిలేశాయి. నేనేమో ఆ రాళ్ల కుప్పను చూసి గిన్నె నిండుగా ఉందని సంబరపడుతున్నాను.

4వ రోజు

గ్రిట్టు అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు వస్తువులు ఉండటమే ఈ గందరగోళానికి మూలం. పావురం గింజను పొట్టుతో సహా మింగేస్తుంది. దాన్ని నూరే పని కందనకాయది. అక్కడ తిరగలి రాయిలా పనిచేసేది గ్రానైటు, క్వార్ట్జ్ వంటి కరగని రాయి. ఒకసారి లోపలికి వెళితే చాలా రోజులు అక్కడే ఉంటుంది, కాబట్టి అది కొంచెమే చాలు. ఆల్చిప్ప, సున్నపురాయి, గుడ్డు పెంకు వంటివి జీర్ణాశయపు ఆమ్లంలో కరిగి కాల్షియంగా ఒంటికి పడతాయి. ఇవి ఎప్పటికప్పుడు తింటూ ఉండాలి. పైగా గింజల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. గింజల మేత ఎంత మంచిదైనా ఆ లోటు తీరదు.

అందుకే రెండు గిన్నెలు వేరు చేశాను. ఒకదానిలో రాయి, మరోదానిలో చిప్ప. రెండింటిలోనూ ముక్కలు 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండేలా జల్లించి, పిండిలాంటి ధూళి పారబోశాను. ఆ ధూళిని పావురాలు ముట్టవు, ముక్కుల్లోకి మాత్రం పోతుంది. ఇంట్లోని కోడిగుడ్ల పెంకులను పది నిమిషాలు ఉడికించి, ఎండబెట్టి, బియ్యపు నూకంత ముక్కలు చేసి చిప్పల్లో కలిపాను. సముద్రపు ఇసుక తెచ్చి వేద్దామనే ఆలోచన కూడా వచ్చింది. ఉప్పు ఎంత ఉందో తెలియని దాన్ని గూట్లో పెట్టడం ఎందుకని మానుకున్నాను.

గూట్లో రెండు చెక్క గుడ్లు పెట్టాను. గుడ్లు పోయిన జంట కొద్ది రోజుల్లోనే మళ్లీ గుడ్లు పెట్టేస్తుంది. ఒంట్లో నిల్వలు ఖాళీ అయిన ఆడదానికి అది పెద్ద శిక్ష. చెక్కవైనా సరే, పొదుగుతున్నంత కాలం దానికి విశ్రాంతి.

8వ రోజు

ఈ రోజు తప్పు నాదే. ఎర్రమట్టితో చేసిన ఖనిజాల దిమ్మ ఒకటి తెచ్చి మొత్తంగా గూట్లో పెట్టాను. ఆరు పావురాలూ దాని మీద పడ్డాయి. మధ్యాహ్నానికి నీళ్ల తొట్టి సగమైంది, రెట్టలు నీళ్లలా ఉన్నాయి. దిమ్మలో ఉప్పు ఉంది. గింజల్లో సోడియం దాదాపు ఉండదు కాబట్టి పావురాలకు ఉప్పంటే ప్రాణం. చాలా కాలం దొరకక ఒక్కసారిగా దొరికితే ఆగవు, మోతాదు మించితే అది విషమే. వెంటనే తీసేసి నీళ్లు మార్చాను. ఇకపై వారం పాటు రోజుకు పదిహేను నిమిషాలే, అదీ తొట్టి నిండుగా ఉన్నప్పుడే. ఆ మోజు తీరాక దిమ్మను అక్కడే వదిలేయవచ్చు. తడి తగిలితే మాత్రం బూజు పడుతుంది, నీళ్లకు దూరంగా పెట్టాలి.

10వ రోజు

ఇంకో అనుమానం. నా గూడు అద్దాల కిటికీ వెనక ఉంది. వెలుతురు బాగా వస్తుంది, కానీ ఎండలో విటమిన్ డి తయారు చేయించే కిరణాలను అద్దం ఆపేస్తుంది. ఆ విటమిన్ (డి3) లేకపోతే పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేవు. చిప్పలు తిన్నా తిన్నట్టు కాదు. వల బిగించిన చిన్న పెట్టె ఒకటి కిటికీ బయట అమర్చాను. పొద్దున ఓ గంట నేరుగా ఎండ, పక్కనే నీడ. డి3 చుక్కలు నీళ్లలో కలపలేదు. అది కొవ్వులో కరిగి ఒంట్లో పేరుకుపోయే విటమిన్. ఎండ ఉండగా ఆ లెక్కలు నాకెందుకు?

17వ రోజు

వారం రోజులుగా గిన్నెలు తూకం వేస్తున్నాను. మొదటి మూడు రోజుల లెక్క చెత్తబుట్టకే. తెల్ల మగది గిన్నెలో ముక్కు పెట్టి ఇటూ అటూ విదిలిస్తుంది, తిన్నదానికంటే చిమ్మింది ఎక్కువ. గిన్నె కింద అంచున్న పళ్లెం పెట్టి, రెండూ కలిపి తూచడం మొదలుపెట్టాక అంకెలు కుదిరాయి. నాలుగు రోజులకు ఆరింటికీ కలిపి చిప్పలు 22 గ్రాములు, రాయి 6 గ్రాములు. ఇవి నా గూటి అంకెలు, మీ గూట్లో మారతాయి.

రోజూ కొంచెం కొత్తది వేస్తే తినడం పెరుగుతోంది. నిన్నటి గ్రిట్టు, రెట్టలు పడకున్నా సరే, వాటికి పాతబడిన సరుకే. ఇప్పుడు గుప్పెడు వేసి, మరుసటి రోజు మిగిలింది పారేస్తున్నాను.

24వ రోజు

బూడిద ఆడది చెక్క గుడ్లను వదిలేసి లేచింది.

31వ రోజు

మగది దాన్ని గూటి దాకా తరుముతోంది, అంటే గుడ్ల కాలం. బూడిద జంటను వారం కిందటే విడి గదిలో పెట్టాను, వాటి లెక్క విడిగా తెలియాలని. చిప్పల వాడకం మూడింతలైంది, రాయి మాత్రం ఎప్పటిలాగే. ఆడ పక్షి గుడ్డు పెట్టడానికి కొన్ని రోజుల ముందే ఎముకల లోపల కాల్షియం నిల్వ చేసుకుంటుంది, పెంకు కట్టే రాత్రి అందులోంచి తీసుకుంటుంది. గుడ్డు కనిపించాక చిప్పలు పెడదామనుకుంటే ఆలస్యమైనట్టే.

34వ రోజు

సాయంత్రం మొదటి గుడ్డు. గోటితో తట్టాను, టిక్కుమంది. నున్నగా, తెల్లగా, పింగాణీ ముక్కలా ఉంది. 36న రెండోది, అదీ అలాగే.

చిప్పల వల్లా, ఎండ వల్లా, విశ్రాంతి వల్లా? మూడూ ఒకేసారి మార్చాను కాబట్టి చెప్పే హక్కు నాకు లేదు. ఒక్కొక్కటీ మార్చి చూసి ఉంటే లెక్క శుభ్రంగా ఉండేది, కానీ ఆ ప్రయోగానికి మూల్యం ఆ ఆడ పావురం చెల్లించాలి.

54వ రోజు

రెండు పిల్లలూ వచ్చాయి. ఈ వారం వాటికి పావురం పాలే ఆహారం. తల్లీ తండ్రీ ఇద్దరి మేతసంచుల్లోనూ (గొంతు కింద మేత నిల్వ ఉండే సంచులు) ఊరే పెరుగులాంటి పదార్థం అది. మగదానికీ చిప్పల మీద మోజు పుట్టింది.

62వ రోజు

పిల్లల మేతసంచిని మెల్లగా తడిమితే గింజల మధ్య గరగరలాడే ముక్కలు తగిలాయి. తల్లిదండ్రులు గింజలతో పాటు గ్రిట్టు కూడా తినిపిస్తున్నాయి. చిప్పలే కాక ఈసారి రాయి కూడా రెట్టింపు ఖర్చవుతోంది. రెండు కొత్త కందనకాయలకు తిరగలి రాళ్లు కావాలి కదా. బొగ్గు కలిపిన గ్రిట్టు వేసి చూడమని ఒక మిత్రుడు చెప్పాడు. బొగ్గు విషాలతో పాటు విటమిన్లనూ పట్టేసుకోగలదు. పిల్లలున్న గూట్లో నేను వేయను.

సాయంత్రానికి చిప్పల గిన్నె అడుగు కనిపించింది. ఈ రెండు నెలల్లో ఇదే మొదటిసారి. రేపటి నుంచి రెండు పూటలా వేయాలి. అటు తెల్ల జంట కూడా పుల్లలు ఏరుతోంది.