ఒకే ఏడాదిలో ఒక హత్య, ఒక పెళ్లి

నిన్న రాత్రి అగాథా క్రిస్టీ నవల ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’ను రెండోసారి చదవడం ముగించాను. సెయింట్ మేరీ మీడ్ అనే చిన్న పల్లెలో, చర్చి గురువు గారి చదువుగదిలో జరిగిన హత్య చిక్కుముడిని, తోటపని చేసుకుంటూనే వచ్చీపోయేవారిని గమనించే వృద్ధురాలు మిస్ మార్పుల్ విప్పిన తీరు ఈసారీ నన్ను కట్టిపడేసింది. అంతకన్నా నన్ను కదిలించినది రచయిత్రి జీవితం. 1926లో తల్లిని పోగొట్టుకుని, భర్త మరొకరిని ప్రేమిస్తున్నాడని తెలిసి, 11 రోజులు ఎవరికీ కనిపించకుండా పోయిన ఆమె, 1928లో విడాకుల తరువాత, ఇరాక్‌లోని ప్రాచీన నగరం ఉర్‌లో తవ్వకాల దగ్గర పరిచయమైన పురావస్తు శాస్త్రవేత్త మాక్స్ మాలోవన్‌ను 1930 సెప్టెంబరులో పెళ్లాడారు. ఈ నవల వెలువడినది ఆ మరుసటి నెలలోనే. అంత దెబ్బ తిన్నాక, తనకన్నా 13 ఏళ్లు చిన్నవాడైన మనిషిని నమ్మడానికి ఎంత ధైర్యం కావాలో తలచుకుంటూ చాలాసేపు మేలుకునే ఉన్నాను. ఆ దాంపత్యం 1976లో ఆమె కన్నుమూసే వరకూ నిలిచింది.