తెల్లవారితే ఏ వారం?

నిశ్చితార్థమైనాక ఇద్దరి మధ్యా రోజూ ఎన్నో మెసేజ్‌లు. గాజుల సైజు రెండూ ఆరా, రెండూ ఎనిమిదా అన్నది వాయిస్‌లో చెప్తే "తిన్నావా?"ల కింద పడిపోతుంది, మళ్లీ దొరకదు. కొలతలు, అడ్వాన్సుల లెక్క రాసే పంపండి, పిన్ చేయండి.

అన్నిటికన్నా జాగ్రత్త ముహూర్తం దగ్గర. "శనివారం తెల్లవారితే ఆదివారం 3.20" అని అయ్యవారు చెప్తే ఒకరికి శనివారం రాత్రి, ఇంకొకరికి ఆదివారం రాత్రి అర్థమవుతుంది. పంచాంగంలో వారం సూర్యోదయానికి మారుతుంది, ఫోన్‌లో అర్ధరాత్రికే. అంటే అయ్యవారు చెప్పింది శనివారం రాత్రి గడిచి ఆదివారం తెల్లవారే ముందు వచ్చే 3.20. తిరుపతిలో మంటపం, రూములు తప్పు రోజుకి బుక్కయ్యేది ఇక్కడే. శనివారం తేదీ, ఆదివారం తేదీ రెండూ, "తెల్లవారుజామున" అన్న మాటా తప్పకుండా రాయండి.

తిరుమల కల్యాణ వేదికలో చేసుకుంటే అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఆధార్ ఫొటోలు ముందే మార్చుకుని పేర్లు అక్షరం అక్షరం చూసుకోండి. శుభలేఖలోనూ అవే అక్షరాలు వేయించండి, పెళ్లి రిజిస్ట్రేషన్‌కి శుభలేఖ కూడా అడుగుతారు.