‘గాయంతి’ అంటే ఒక్కరు కాదు

నాహం వసామి వైకుంఠే యోగినాం హృదయే న చ
మద్భక్తా యత్ర గాయంతి తత్ర తిష్ఠామి నారద

వైకుంఠంలో లేను, యోగుల గుండెల్లోనూ లేను, నా భక్తులు ఎక్కడ పాడుతుంటే అక్కడ ఉంటానయ్యా నారదా, అన్నాడు స్వామి. భజన మందిరాల గోడల మీద చూసిచూసి కళ్లకు అలవాటైపోయిన శ్లోకమిది. అందులో క్రియాపదం దగ్గర కాస్త ఆగి చూడండి. ఒకరు పాడితే ‘గాయతి’. ఇద్దరు పాడితే ‘గాయతః’. స్వామి వాడిన మాట ‘గాయంతి’. ముగ్గురికి తగ్గకూడదన్నమాట. గొప్ప గాయకుడు ఒక్కడున్న చోటని కాదు, నలుగురు గొంతు కలిపే చోటని చెప్పాడు. త్యాగరాజస్వామి కూడా ‘ఎందరో’ అని ఎత్తుకుని ‘అందరికీ’ అని దణ్ణం పెట్టాడు.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ లాంటి ఒడిశా ఊళ్లలో తెలుగువాళ్లకు సంగీతం చెప్పే మాస్టార్లకూ టీచరమ్మలకూ ఈ బహువచనాన్ని నిలబెట్టడమే పెద్ద సేవ. పాఠం చెప్పడం అందులో సగం కూడా కాదు.

త్యాగరాజ ఆరాధన జరపాలంటే ముందు తిథి చూసుకోవాలి. త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమినాడు సిద్ధి పొందారు. మన పంచాంగంలో అమావాస్యతో నెల ముగుస్తుంది, ఒడియా పాంజిలో పూర్ణిమతో ముగుస్తుంది. అందుకని మన పుష్య బహుళ పంచమి వాళ్లకు మాఘ కృష్ణ పంచమి. ‘పౌష కృష్ణ పంచమి’ అని వెతికి హాలు మాట్లాడుకుంటే సరిగ్గా నెల ముందు తేదీ వస్తుంది. హాలు అడిగేటప్పుడు రెండు పేర్లూ చెప్పండి.

అసలు కష్టం సాహిత్యం దగ్గర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యాక పుట్టిన తరాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివినవాళ్లు చాలామంది. పిల్లలకు తెలుగు రాత రాదు. పాట ఒడియా లిపిలో రాసివ్వాలి. ఒడియాలో ఎ, ఏ లకు ఒకటే అక్షరం, ఒ, ఓ లకూ ఒకటే. ‘ఎందరో’లో మొదటిది పొట్టి, చివరిది పొడుగు. కాగితం మీద ఆ తేడా కనబడదు, పిల్లలు ‘ఏందరో’ అని లాగేస్తారు. పొట్టి అక్షరాల కింద ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెడితే సరిపోతుంది. ‘వ’కు మామూలుగా రాసే అక్షరాన్ని వాళ్లు ‘బ’ అనే పలుకుతారు, మహానుభావులు కాస్తా ‘మహానుభాబులు’ అవుతారు. ఒడియాలో ‘వ’ ధ్వనికి విడిగా అక్షరం ఉంది, అదే వాడాలి. ఇక అకారం. చదివేటప్పుడు అది ఒకారం వైపు వాలుతుంది, వందనములు ‘బొందొనొములు’ అవుతుంది. దీనికి కాగితం మీద మందు లేదు. పల్లవిని ముందు అకారంతో పాడించి, ఆ తర్వాత ఒక్కో మాటా అందులోకి దింపాలి. ణ, ళ లకు మాత్రం దిగుల్లేదు, ఒడియా అలవాటున్న నోట అవి చక్కగా పలుకుతాయి.

రోజుకు గంట చొప్పున 40 రోజులుంటే కొత్తవాళ్లకు ఒక్క కృతి చాలు. ఆరాధనలో పాడే త్యాగరాజస్వామి పంచరత్న కృతులు 5 పాడి తీరాలన్న ఆరాటం వద్దు. చరణాల్లో ముందు స్వరం, వెనకే సాహిత్యం వస్తాయి, అవి సాధన ఉన్నవాళ్లు పాడనీయండి. పల్లవికి తిరిగొచ్చిన ప్రతిసారీ అందరూ అందుకోవాలి. పల్లవి ఒక్కటే వచ్చిన ముసలమ్మ కూడా ‘గాయంతి’లో మనిషే. ఆమెను వెనక కుర్చీలో కూర్చోబెట్టకండి.

శ్రుతి దగ్గర రాజీ తప్పదు. ఒకటో శ్రుతి (సి) పెడితే ఆడవాళ్ల గొంతు పైస్థాయిలో చీలుతుంది, ఐదో శ్రుతి (జి) పెడితే మగవాళ్లు పైకి అందుకోలేరు. ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువమంది గనుక ఐదు పెట్టి, మగవాళ్లను ఒక స్థాయి కిందకి దిగి పాడమనడం మేలు, మరీ మంద్రంలో ఊరుకోమనాలి. మృదంగాన్ని ఒక గంట ముందే హాల్లోకి తేవాలి. మంచులో చర్మం సడలి శ్రుతి దిగుతుంది, ఎండ తగిలితే బిగిసి ఎక్కుతుంది. ఎడమ వైపు రవ్వముద్ద ఆరిపోతే గుంకీ, అంటే ఆ వైపు గంభీరమైన నాదం, పలకదు, పక్కన తడిగుడ్డ ఉంచుకోవాలి.

మైకు సంగతి గట్టిగా చెప్పాలి. గొంతు పెద్దదని ఒకరి ముందు మైకు పెడితే ఊరంతటికీ ఆ ఒక్క గొంతే వినిపిస్తుంది, ‘గాయంతి’ అక్కడికక్కడే ‘గాయతి’ అయిపోతుంది. మైకును వరసకు నాలుగైదు అడుగుల ముందు, తలల కంటే కాస్త ఎత్తులో పెట్టండి. స్పీకరు మైకు కంటే ముందు, జనానికి దగ్గరగా, జనం వైపు తిరిగి ఉండాలి, లేకపోతే కూత పెడుతుంది. వెనక వరసవాళ్లు చెవిని నమ్ముకుంటే తాళం వెనకబడుతుంది. మాస్టారి చెయ్యి కనబడేలా కూర్చోవాలి.

పొద్దున్నే ఉంఛవృత్తికి, అంటే పాడుతూ ఇంటింటా బియ్యం అడిగి తేవడానికి, వెళ్లేటప్పుడు సంచులు రెండు ఉండాలి. ఇక్కడ కొన్ని ఇళ్లలో పచ్చిబియ్యం వేస్తారు, కొన్ని ఇళ్లలో ఉసునా, అంటే ఉప్పుడు బియ్యం. రెండూ కలిసిపోతే ఒకటి మెత్తబడేసరికి రెండోది పలుకుగానే ఉంటుంది. పచ్చిబియ్యం నైవేద్యం పులిహోరకు, ఉప్పుడు బియ్యం మధ్యాహ్నం అన్నానికి. 100 మందికి ప్రసాదంగా 5 కిలోల బియ్యం, అరకిలో చింతపండు సరిపోతాయి. అన్నం వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి, నూనె, పసుపు పట్టించాకే పులుసు కలపండి. వేడిమీద కలిపితే ముద్దైపోతుంది.

కార్యక్రమం అయ్యాక పిల్లల దగ్గర పాట కాగితాలు వెనక్కి తీసుకోకండి. ఇంచుమించు పదిహేను రోజులకు మాఘ శుద్ధ పంచమి, ఒడియా బడుల్లో సరస్వతీ పూజ. కాగితం ఒడియా లిపిలోనే ఉంది గనుక పక్క బెంచీ స్నేహితులూ అందులోకి తొంగిచూసి గొంతు కలుపుతారు. పొట్టి అక్షరాల కింద ఎర్ర చుక్కలు చెరిగిపోయి ఉంటే, ఆలోపు ఇంకోసారి పెట్టివ్వండి.