కాటన్ దొర ఇంటిపేరు పత్తి కాదట

మాది ధవళేశ్వరం. కాటన్ దొరని భగీరథుడని పొగిడే శ్లోకం మా తాతయ్య గోదావరి స్నానంలో చదువుతుంటే వింటూ పెరిగాను. ఉద్యోగానికి నేను బర్మింగ్‌హామ్ వచ్చాక ఒక ఆదివారం ఆయన ఫోన్లో అడిగాడు: "ఒరేయ్ నాన్నా, కాటన్ అంటే పత్తే కదా? దొరగారి వాళ్లు పత్తి వ్యాపారులా ఏమిట్రా?"

"కనుక్కుని చెప్తాను తాతయ్యా" అన్నాను. ఒక పూట పని అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

మొదట్లోనే ఒక తప్పు చేశాను. చెస్టర్ చూడ్డానికి వెళ్తే అక్కడ ఒక దుకాణంలో ఇంటిపేర్ల చరిత్రలు అచ్చువేసి, ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. కాటన్ కూడా ఉంది. పైన వంశ చిహ్నం: నీలం డాలు మీద తెల్లటి నూలు చిలపలు మూడు. ఇంకేం కావాలి? ఇరవై పౌండ్లు పెట్టి కొని, ఫొటో తీసి పంపాను. "పత్తే అన్నానా!" అని తాతయ్య మురిసిపోయాడు. తర్వాత సెలవుకి వెళ్లినప్పుడు ఆ ఫ్రేమునే ఆయన చేతికిచ్చాను.

తిరిగొచ్చాక ఒక స్నేహితుడి ఇంట్లో అలాంటిదే ఇంకో ఇంటిపేరు ఫ్రేము చూశాను. డాలు వేరు, కింద చరిత్ర మాత్రం అక్షరం పొల్లుపోకుండా మాదే. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్.

చదువుతూ పోతే తెలిసింది, ఇంగ్లాండులో వంశ చిహ్నం ఇంటిపేరుకి ఇచ్చేది కాదు. 1484 నుంచి ఉన్న కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ దాన్ని ఒక మనిషికి ఇస్తుంది, అతని సంతతికి వస్తుంది. ఇంటిపేరు కాటన్ అయినంత మాత్రాన ఆ చిలపలు అందరివీ కావు. అయితే దుకాణంవాడు బొమ్మని కల్పించలేదు. చెషైర్‌లో కాంబర్‌మియర్ అనే చోట ఉన్న కాటన్ల డాలు మీద నిజంగానే మూడు నూలు చిలపలున్నాయి. మన దొర తండ్రి హెన్రీ కాల్వ్‌లీ కాటన్ ఆ వంశంవాడే. అంటే పత్తేనా? నాకు పదిరోజులు బుర్ర తిరిగింది. చివరికి తేలిందేమిటంటే, అది శ్లేష! ఇంటిపేరు ఎలా వినిపిస్తే ఆ బొమ్మ వేయడం ఇంగ్లాండులో పాత సరదా. ఇంగ్లిష్‌లో 'బో' అంటే విల్లు, 'లయన్' అంటే సింహం కదా, బోస్-లయన్ వంశం డాలు మీద విల్లులు, సింహాలు ఉంటాయి. మన అవధానుల పద్ధతే, కాకపోతే వీళ్లు బొమ్మల్లో చేశారు.

ఇక కాగితాల వెంట పడ్డాను. ఇవాళ్టి నుంచి వెనక్కి నడవాలి. జనన మరణాల రిజిస్ట్రేషన్ 1837లో మొదలైంది. దానికి ముందు చర్చి రిజిస్టర్లు, అవి 1538 నుంచి. అంతకంటే వెనక్కి పోతే భూమి పత్రాలు, పన్నుల జాబితాలు, అన్నీ లాటిన్‌లో. ఆ చేతిరాత మా ఊరి కరణంగారి గొలుసుకట్టు రాతకి ఏమాత్రం తీసిపోదు. పేరు కూడా ఒకచోట కోటన్, ఒకచోట కాటన్. అచ్చులో దొరికిన నకళ్లు చదువుకుని బతికాను.

చిక్కుముడి విప్పింది ఒక చిన్న ముక్క, పేరు ముందు 'డి'. 'డి కోటన్' అంటే కోటన్‌కి చెందినవాడు. ఎవరైనా ఊరికి చెందుతారు గానీ బట్టకి చెందుతారా? పాత ఇంగ్లిష్‌లో 'కాట్' అంటే పాక. 'కాటుమ్' అంటే 'పాకల దగ్గర'. అదే ఊరి పేరయింది, ఊరే ఇంటిపేరయింది. బట్ట పేరు దారి పూర్తిగా వేరు. అది అరబిక్ 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి, సరిగ్గా ఇదే రూపంలో స్థిరపడింది.

కాంబర్‌మియర్ కాటన్ల మూలం ష్రాప్‌షైర్. ఎనిమిదో హెన్రీ క్రైస్తవ మఠాలు మూయించినప్పుడు, 1539లో కాంబర్‌మియర్ మఠం జార్జ్ కాటన్ చేతికొచ్చింది. అప్పటి నుంచి వాళ్లు చెషైర్ జమీందార్లు. అలాగని కాటన్లందరూ ఒక్కటే అనుకోకూడదు. పాకలున్న ఊళ్లు స్టాఫర్డ్‌షైర్‌లో ఉన్నాయి, కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఉన్నాయి. ఏ ఊరి వాళ్లకి ఆ ఊరి పేరే. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లిష్ కావ్యపు ఏకైక రాతప్రతిని తన గ్రంథాలయంలో దాచిన రాబర్ట్ కాటన్ హంటింగ్‌డన్‌షైర్ వాడు. ఆ కుటుంబం వేరు.

ఇదంతా తాతయ్యకి ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే పాకల వారన్నమాట" అన్నాడు. తర్వాత నవ్వాడు. "మన సందు చివర పాకల సత్తిబాబుకి చెప్పాలిరా, దొరగారు వాళ్లవాడేనని."

"ఆ ఫ్రేము తీసెయ్ తాతయ్యా, తప్పుల తడక" అన్నాను.

"ఉండనీరా. చిలపలు బాగున్నాయి."