చెవిన పడిందే లెక్క: రేడియో మీటరు, ప్రైవేటు స్టేషన్లు

డైరీలతో రేటింగు తీసినన్నాళ్లూ లెక్కకు వచ్చింది వినడం కాదు, గుర్తుండటం. వారమంతా ఏ స్టేషన్ ఎంతసేపు విన్నారో శ్రోతే రాసి పంపాలి. పేరు నోట్లో నానే స్టేషన్‌కు వినని గంటలూ పడేవి. దుకాణంలోనో టాక్సీలోనో చెవిన పడ్డ స్టేషన్‌కు ఏమీ దక్కేది కాదు. చెవిన పడ్డ స్టేషన్‌ను తానే నమోదు చేసే మీటరు వచ్చాక ఈ తూకం తిరగబడింది. స్టేషన్‌ను తాకే శ్రోతల సంఖ్య పెరిగింది, ఒక్కొక్కరు వినే సమయం తగ్గింది. ప్రకటనల ధర సగటు పావుగంట శ్రోతల (ఒక పావుగంటలో సగటున వినేవారి సంఖ్య) మీద కట్టే ప్రైవేటు స్టేషన్‌కు రెండోదే దెబ్బ.

స్విట్జర్లాండ్ 2001లోనే చేతిగడియారం లాంటి మీటరుకు మారింది. అది చుట్టూ ఉన్న శబ్దాన్ని ముక్కలుగా రికార్డు చేస్తే, తర్వాత స్టేషన్ల ప్రసారాలతో పోల్చేవారు. అమెరికాలో ఆర్బిట్రాన్ సంస్థ 2007లో ఫిలడెల్ఫియా, హ్యూస్టన్‌లలో తెచ్చిన పోర్టబుల్ పీపుల్ మీటర్ దారి వేరు. స్టేషన్‌లో ఉండే ఎన్‌కోడర్ 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య చెవికి అందని సంకేతాన్ని ప్రసారంలో కలుపుతుంది. ప్యానెల్ (కొలత కోసం ఎంచుకున్న శ్రోతల బృందం) సభ్యుడి దగ్గరున్న మీటరు దాన్ని పసిగట్టి సమయంతో సహా నమోదు చేస్తుంది.

ఆ సంకేతం బిగ్గరగా వినిపించే ధ్వని చాటున దాక్కుంటుంది. మెల్లని సంగీతంలో, మాటల మధ్య మౌనంలో దానికి చాటు దొరకదు. దొరకనప్పుడు శ్రోత వింటున్నా మీటరుకు వినిపించదు. 2014లో వోల్టెయిర్ అనే పరికరం మార్కెట్లోకి రాగానే సంకేతాన్ని గట్టిపరచుకోవడానికి స్టేషన్లు దాన్ని కొన్నాయి. 2013లో ఆర్బిట్రాన్‌ను కొన్న రేటింగు సంస్థ నీల్సన్, 2015లో తన ఎన్‌కోడింగ్‌నే బలపరచాల్సి వచ్చింది. రేటింగు ఉన్నట్టుండి పడితే కార్యక్రమాన్ని తప్పుపట్టేముందు ఎన్‌కోడర్ పనిచేస్తోందో లేదో చూడండి. అది ఆగిన గంటలు లెక్కలో ఉండవు.

పావుగంట నియమం ఇంకా కఠినంగా ఉండేది. ఒక పావుగంటలో ఐదు నిమిషాలు వింటేనే ఆ పావుగంట జమ అయ్యేది. 9:11కి పెట్టి 9:19కి ఆపిన శ్రోత ఎనిమిది నిమిషాలు విన్నా ఖాతాలో సున్నానే ఉండేది, ఎందుకంటే 9:15కి అటు నాలుగు, ఇటు నాలుగు. 9:10 నుంచి 9:20 దాకా వింటే మాత్రం రెండు పావుగంటలు జమ. 2025 జనవరి నుంచి నీల్సన్ ఈ ఐదును మూడుకు తగ్గించింది కాబట్టి ఆ ఎనిమిది నిమిషాలకూ విలువ వచ్చింది.

స్టేషన్లు ప్రకటనల విరామాలను పావుగంట సరిహద్దు మీదికి జరిపింది ఇందుకే. 9:20 నుంచి 9:26 దాకా సాగే విరామం ఒకే పావుగంటను తినేస్తుంది. 9:12 నుంచి 9:18 అయితే భారం చెరి మూడు నిమిషాలే. ఇంతవరకు సబబే. కానీ వ్యాఖ్యాతల మాటలను కూడా కత్తిరించడం తొందరపాటు. హ్యూస్టన్ మీటర్ల సమాచారంతో 2006లో చేసిన విశ్లేషణలో, ప్రకటనలు వచ్చినప్పుడు కూడా అంతకుముందున్న శ్రోతల్లో 92 శాతం నిలిచారు. ప్రకటనలకే అంతమంది ఉంటే, మాట వినగానే పారిపోతారన్న భయానికి ఆధారమేది?

మీటరుతో నిజమైన అన్యాయం ప్యానెల్ దగ్గర జరిగింది. నల్లజాతి, స్పానిష్ శ్రోతల స్టేషన్ల రేటింగులు బాగా పడిపోయాయి. వారిలో యువత, ల్యాండ్‌లైన్ లేని ఇళ్లు ప్యానెల్లో తక్కువన్నది ఆ స్టేషన్ల వాదన. 2008 అక్టోబరులో న్యూయార్క్, న్యూజెర్సీ అటార్నీ జనరళ్లు దావా వేశారు. 2009 జనవరి ఒప్పందంలో సెల్‌ఫోన్ మాత్రమే ఉన్న ఇళ్లను పెంచడానికి ఆర్బిట్రాన్ ఒప్పుకుంది. బ్రిటన్‌లో గొడవ ఎదురుదిశలో నడిచింది. టాక్‌స్పోర్ట్ అనే క్రీడా రేడియో యజమాని సంస్థ అధిపతి కెల్విన్ మెకెంజీ మీటరే కావాలని, డైరీతో తమకు నష్టమని కోర్టుకెక్కి 2004లో ఓడిపోయాడు.

మీటరు ప్యానెల్ డైరీ ప్యానెల్ కన్నా చిన్నది, ఒకే మనుషులు నెలల తరబడి ఉంటారు. ఒక వయసువర్గంలో మీ స్టేషన్‌ను రోజంతా పెట్టుకునే ఇల్లు ఒక్కటే ఉండి, వాళ్లు ఊరెళితే ఆ నెల రేటింగు కుప్పకూలుతుంది. ఒక్క నెల అంకె చూసి ఉదయం కార్యక్రమాన్ని తీసేయకండి. ఆ వర్గంలో మీటర్లు ఎన్నో అడగండి, కనీసం మూడు నెలల సగటు పక్కన పెట్టుకోండి, స్టేషన్‌ను తాకిన మొత్తం శ్రోతల సంఖ్య కూడా పడిందో లేదో చూడండి. ఆ సంఖ్య నిలకడగా ఉండి, వినే సమయం మాత్రమే తగ్గితే, ఆ ఒక్క ఇంటినే ముందు అనుమానించాలి.