బహామాస్ బురదలోని ఒక బ్యాక్టీరియా

నాన్నకి మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే ఒక రక్త క్యాన్సర్. వారం వారం పొట్ట మీద బోర్టెజోమిబ్ ఇంజక్షన్. ఆయన డే కేర్ వార్డులో కునుకు తీస్తుంటే పక్కన కూర్చుని ఆ మందు గురించి చదివేదాన్ని. కణంలో పాడైన, అక్కర్లేని ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రం ప్రోటియసోమ్. మైలోమా కణాలు ప్రొటీన్ విపరీతంగా తయారుచేస్తాయి, అందుకే ఈ మందు ఆ యంత్రాన్ని ఆపితే చెత్త పేరుకుపోయి చచ్చిపోతాయి.

అలా చదువుతూనే సాలినిస్పోరా ట్రాపికా దగ్గరకొచ్చాను. బహామాస్ సముద్రం అడుగు బురదలో దొరికిన బ్యాక్టీరియా అది. ఉప్పునీళ్లు లేకపోతే పెరగదు! అమెరికాలో శాన్ డియాగోలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో విలియం ఫెనికల్, పాల్ జెన్సెన్ బృందం దాని నుంచి సాలినోస్పోరమైడ్ ఎ అనే పదార్థం తీసి 2003లో ప్రకటించింది. నాన్న మందు పట్టుకునే ప్రోటియసోమ్‌నే ఇదీ పట్టుకుంటుంది. బోర్టెజోమిబ్ కొంతసేపటికి వదిలేస్తుంది, ఇది మాత్రం వదలదు.

ఈ పదార్థాన్నే మారిజోమిబ్ అనే మందు పేరుతో మనుషుల మీద పరీక్షించారు. మెదడులోకి వెళ్లగలదని గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ రోగులకూ ఇచ్చి చూశారు. మూడో దశ ట్రయల్‌లో ఆయుష్షు పెరగలేదు. అది చదివిన రోజు నిజంగా ఏడుపొచ్చింది. ఎన్నేళ్ల కష్టం, ఎన్ని కుటుంబాల ఆశ.

అయినా ఆ బురద తవ్వినవాళ్లంటే నాకు చాలా గౌరవం. నిన్న నాన్నకి ఈ కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, "మన వైజాగ్ సముద్రంలో కూడా వెతుకుతున్నారా అమ్మా?" అని అడిగారు.