అదంతా జర్నల్‌లో వస్తుంది

ఈ మాట అన్నది మా అన్నయ్య కొడుకు బుజ్జిగాడు. సాయంత్రం అన్నాడు, నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అత్తయ్య పడుకున్నారు. ఈయన ఎప్పటిలాగే టీవీ ముందే కునుకు తీస్తున్నారు. రేపటికి పప్పు నానబెట్టడం కూడా అయిపోయింది. ఇక కూర్చుని దీని సంగతి తేల్చుకోవాలి.

చెప్పుకోవడానికి పెద్ద విషయమేమీ కాదు. ‘విచర్ 3’ వీడియో గేమ్ మళ్లీ మొదలుపెట్టానని మొన్న రాశాను కదా, వెలెన్ అనే ప్రాంతంలో బారన్ అనే దొర కోట దాకా వచ్చాను. భార్య, కూతురు ఇల్లు వదిలి వెళ్లిపోయారు, వెతికిపెట్టు అని గెరాల్ట్‌ని, అంటే మనం ఆడించే రాక్షసుల వేటగాణ్ణి, అడుగుతాడు ఆ బారన్. అడుగుతూనే అబద్ధాలాడతాడు. ఆ అబద్ధాలే ఆ కథకు ప్రాణం. ఒక్కొక్కటీ బయటపడుతున్నకొద్దీ ఆ తాగుబోతు మనిషి మీద అసహ్యం, జాలి ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. అతను మాట తడబడి, కళ్లు పక్కకు తిప్పుకుంటుంటే నేను ముందుకు వంగి వింటున్నాను. వెనక మరమరాల గిన్నె పట్టుకుని నిలబడ్డ మా వాడు, “ఇదంతా వినాల్సిన పని లేదు అత్తా, దాటించెయ్యి. అదంతా జర్నల్‌లో వస్తుంది” అన్నాడు.

ఒళ్లు మండింది. వాడు చెప్పింది నిజం కావడంతో ఇంకాస్త మండింది. జర్నల్ అంటే జరిగిన కథనూ చేయవలసిన పనులనూ గేమే రాసిపెట్టే పుస్తకం, మెనూలో ఉంటుంది. నిజంగానే వస్తుంది. బారన్ గుండె కోసుకుని చెప్పిన మాటలు ఒక పేరాలోకి దిగిపోతాయి, కింద తరువాత చేయవలసిన పని ఒక్క వాక్యంలో ఉంటుంది. పైన కుడి మూలన గుండ్రటి చిన్న పటంలో చుక్కల దారి పడుతుంది. గుర్రమెక్కి ఆ చుక్కల వెంట పోతే చాలు. ఎవరి దగ్గరికి వెళుతున్నామో, ఎందుకు వెళుతున్నామో తెలియకపోయినా కథ మాత్రం ఆగదు.

భోజనాలయ్యాక ఒక్కదాన్నే కూర్చుని తరువాతి ఘట్టం ఆడాను. పుట్టకుండానే పోయిన బిడ్డను పేరు కూడా పెట్టకుండా పాతిపెట్టారు, అది పిశాచమై లేచింది. శాపం తీరాలంటే ఆ తండ్రే దాన్ని ఎత్తుకుని ఇంటి గడప దాకా తీసుకురావాలి, పేరు పెట్టాలి, గడప కింద పాతిపెట్టాలి. హోరున గాలి, వాన. అంత లావు మనిషి ఆ వికారమైన పిండాన్ని గుండెలకు అదుముకుని నడుస్తున్నాడు. ఆ సమయంలో కూడా తెర మూలన ‘బారన్ వెంట వెళ్లు’ అన్న ధోరణిలో ఒక సూచన, దాని పైన ఆ పటం. వెంట వెళ్లక ఇంకెక్కడికి వెళతాను? చావు ఇంట్లో కూర్చున్నప్పుడు పక్కవాడు చెవిలో గోల పెట్టినట్టుంది. ఇలాంటి ఘట్టాలు ముగిసీ ముగియకముందే ఇన్ని అనుభవ పాయింట్లు వచ్చాయని లెక్క కూడా వచ్చి పడుతుంది. ఎవరి అనుభవానికి పాయింట్లు? సరే, ఆ కోపం మరోసారి.

అన్నయ్యకు ఫోను చేసి నీ కొడుకు ఇలా అన్నాడని చెబుదామనుకున్నాను. ఈ వేళకు అన్నయ్య పడుకుని ఉంటాడు. అయినా వాడికైతే అర్థమయ్యేది. మేడ మీద గదిలో, విడిభాగాలు కొని కూర్చిన ఆ కంప్యూటర్ మీద మేమిద్దరం ‘మారోవిండ్’ ఆడిన వేసవి వాడికి గుర్తుండకపోదు. 2002లో వచ్చిన గేమ్ అది, మా ఇంటికి చేరేసరికి కొంచెం పాతబడింది. అందులో చుక్కల దారి లేదు. ఎక్కడికి వెళ్లాలో బాణం గుర్తు లేదు. చాలా మాటలు వినిపించవు కూడా, చదువుకోవాలి. ఊళ్లో మనిషిని అడిగితే, ఊరి దక్షిణం నుంచి బయటికి వెళ్లి, నది దాటి తూర్పుకు తిరిగి, మూన్‌మోత్ కోట పక్కగా పోతే బూడిద లోయ మీద పాత వంతెన వస్తుందని చెబుతారు. ఆ తరువాత నీ తిప్పలు నువ్వు పడాలి.

నేను పైకి చదివేదాన్ని, అన్నయ్య రాసేవాడు. నాన్నకు ఎవరో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ, సగం పేజీలు ఖాళీగా ఉన్నది, మాకు దొరికింది. పాలవాడి లెక్కల పక్కన బల్మోరా ఊరికి దారులు. అన్నయ్య బొమ్మలు కూడా వేసేవాడు. నదికి రెండు అలల గీతలు, వంతెనకు ఒక విల్లు, శత్రువులున్న చోట పుర్రె. ఒకరోజు నాన్న ఆ డైరీ తెరిచి, కళ్లజోడు పైకెత్తి చూసి, “ఈ మూన్‌మోత్ ఎటువైపు?” అని అడిగారు. ఎక్కడో స్థలం చూడటానికి వెళుతున్నామనుకున్నారట.

వంతెన దాటితే ఆర్క్‌న్‌థాండ్ అనే శిథిలం వస్తుంది. తలుపు దానంతటది తెరుచుకోదు, బయట గొట్టం మీద ఉన్న పిడి తిప్పాలి. ఆ పిడి కనిపెట్టడానికే మాకు ఒక మధ్యాహ్నం పోయింది. లోపల ఒక చిన్న పెట్టె కోసం వెతకాలి. చిక్కుముడి పెట్టె అంటే ఎంత ఆర్భాటంగా ఉంటుందో అనుకున్నాం. గదులు, అటకలు, సందులు అన్నీ చూశాం. ఇనుప గిన్నెలు, చక్రాలు, పనికిరాని లోహపు ముక్కలు మూటగట్టుకున్నాం, బరువెక్కి నడవలేక మళ్లీ పారబోశాం. కరెంటు పోయింది. వచ్చింది. అన్నయ్య అన్నానికి కిందికి దిగిన కాసేపట్లో నాకు కనిపించింది ఆ పెట్టె. మసక చీకట్లో ఒక అరమీద, ఎవరూ పట్టించుకోని సామానులా ఉంది. నేను పెట్టిన కేకకు అమ్మ మెట్లెక్కి వచ్చింది. అన్నయ్య మాత్రం ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చి, తను లేకుండా తీసుకున్నానని రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తరువాత వచ్చిన గేముల్లో ఎన్ని కిరీటాలు దొరికాయో, ఒక్కటీ గుర్తులేదు.

ఇక్కడిదాకా రాశాక నాకే అనుమానం వచ్చింది. మారోవిండ్‌లో మెనూలు లేవా? ఎందుకు లేవు! మౌసు కుడి మీట నొక్కితే నాలుగు కిటికీలు తెర నిండా పరుచుకునేవి. పటం, మూట, మంత్రాలు, మన గుణగణాల అంకెలు. ప్రపంచమంతా అక్కడికక్కడ ఆగిపోయేది. మీదికి దూకుతున్న క్లిఫ్ రేసర్ పక్షి రెక్కలు చాచి గాలిలో వేలాడుతుంటే, నేను తీరిగ్గా నాలుగు సీసాల మందు తాగి, చెప్పులు మార్చుకుని, మళ్లీ మీట నొక్కేదాన్ని. దానికన్నా అసహజం ఏముంటుంది? అయినా అప్పుడు నాకు ఆ ప్రపంచంతో బంధమేమీ తెగలేదు, ఆ బూడిద నేల మీదే ఉన్నాను. జర్నల్ కూడా ఉండేది. తారీఖుల వరుసలో అన్ని పనులూ కలగాపులగంగా పడి ఉండేవి. ఏ పనికి ఆ పని విడదీసి చూసే వీలు తరువాత ‘ట్రిబ్యునల్’ అనుబంధంతో వచ్చింది. అంత అధ్వానంగా ఉంది కాబట్టే పాల లెక్కల డైరీ అవసరపడిందేమో. ఇప్పుడు దాన్ని మధురంగా తలుచుకుంటున్నాను గానీ, ఆ రోజు చుక్కల దారి ఇస్తే కాదనేదాన్నా?

2006లో మారోవిండ్ తరువాతి గేమ్ ‘ఆబ్లివియన్’ వచ్చింది. మాటలన్నీ గొంతుతో వినిపించడం మొదలైంది, దిక్సూచి మీద బాణం గుర్తు వచ్చింది. ఈ రెండూ ఒకేసారి రావడం కాకతాళీయం కాదనుకుంటాను. నది దాటి, కోట పక్కగా, వంతెన మీదుగా అని ప్రతివాడి చేతా చెప్పించి రికార్డు చేయాలంటే అయ్యే పని కాదు. మాట పొట్టిదైంది, మిగతాది గుర్తు చూసుకుంది.

మళ్లీ ఈ రాత్రికి వస్తాను. పట్టుదలకు పోయి విచర్‌లో ఆ చిన్న పటాన్నీ, పనుల సూచననూ సెట్టింగుల్లో ఆపేశాను. చాలా హాయిగా అనిపించింది. వాన, బురద, గుర్రం. తరువాత దారి తప్పాను. ఎవరినైనా అడుగుదామంటే ఊళ్లో వాళ్లు దగ్గుతారు, గొణుగుతారు, ఉమ్ముతారు గానీ దారి చెప్పరు. గుర్తు ఉంటుందన్న ధీమాతో కట్టిన ఊళ్లవి, గుర్తు తీసేస్తే అక్కడ దారి చెప్పేవాళ్లే లేరు. నీటి పక్కన డ్రౌనర్లనే నీటి పిశాచాలు చుట్టుముట్టాయి. చచ్చాను. పటం మళ్లీ పెట్టుకున్నాను.

డ్రౌనర్లంటే గుర్తొచ్చింది. జర్నల్ చూసుకోమన్న ఆ మహానుభావుడే, కత్తికి ఏ నూనె రాయాలో ఎక్కాలు అప్పజెప్పినట్టు చెబుతాడు. డ్రౌనర్లకు నెక్రోఫేజ్ నూనె, పైగా ఇగ్ని అనే మంత్రపు మంట. మొదట్లో వైట్ ఆర్చర్డ్ బావి దగ్గర మధ్యాహ్నపు దయ్యం వస్తుంది చూడండి, దానికి స్పెక్టర్ నూనె, నేల మీద యర్డెన్ అనే మంత్ర వలయం. ఇవన్నీ మెనూలో ఉన్న బెస్టియరీలోవే, అంటే రాక్షసుల వివరాల పుస్తకంలోవే. వాడు గేమ్ ఆపి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పేజీ తరువాత పేజీ చదువుతుంటే ఎన్నోసార్లు చూశాను. ఇంజనీరింగ్ పుస్తకం అలా చదివితే మా వదినకు నిద్ర పట్టేది. గెరాల్ట్ వృత్తి కూడా అదే కదా, పోరుకు ముందు పుస్తకం తిరగేయడం. అక్కడ మెనూ తెరిచినవాడు కథలోంచి బయటికి రాడు, ఇంకాస్త లోపలికి పోతాడు. పైగా ఆ జర్నల్‌ను రాసేది గెరాల్ట్ స్నేహితుడైన కవి డాండెలయన్. జరిగిపోయిన కథలా, తన ఎత్తిపొడుపులతో రాస్తాడు. ఇందాక బారన్ గురించి చదివాను, బాగుంది. నాకు కోపం ఆ రాత మీద కాదు. ఆ రాత ఉందన్న ధైర్యంతో ఎదుట ఏడుస్తున్న మనిషిని దాటించేయమనడం మీద.

చదవడాన్ని కథలో భాగం చేయడానికి ‘కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్’ అనే గేమ్ వాళ్లు ఒక మంచి ఎత్తు వేశారు. 1403 నాటి బొహీమియాలో కమ్మరి కొడుకు హెన్రీకి చదువు రాదు. పుస్తకం తెరిస్తే మనకు కూడా అక్షరాలు అటూఇటూ మారి కనిపిస్తాయి, వాడు చదువు నేర్చుకునేదాకా అంతే. ఎంత బాగుందో! అదే గేమ్‌లో మెనూ నొక్కితే మధ్యయుగపు తిండి, బట్ట, చర్చి గురించిన వ్యాసాలు మొదటి రోజు నుంచీ చక్కగా చదువుకోవచ్చు. చదువు రాని కుర్రవాడి జేబులో విజ్ఞాన సర్వస్వం. అయినా ఆ వ్యాసాలు వదలకుండా చదివాను, నన్ను అడగవద్దు.

అసలు మెనూ తెరిచినా ప్రపంచం ఆగకూడదనేవాళ్లు ‘డార్క్ సోల్స్’ చూపిస్తారు. అందులో మూట విప్పినా శత్రువు ఆగడు. కథలో సగం ఆ ఉంగరాల కింద, కత్తుల కింద రాసిన నాలుగు వాక్యాల్లోనే ఉంటుంది, చదువుతూ చదువుతూ చావచ్చు. సిద్ధాంతంగా గొప్పదే. కానీ పొయ్యి మీద పాలు పెట్టి, అత్తయ్య మాత్రల వేళ చూసుకుంటూ ఆడే మనిషికి ప్రపంచాన్ని ఆపే మీట ఒకటి ఉండాలి. ఆ విషయంలో నేను మెనూల పక్షమే.

ఆదివారం బుజ్జిగాడి చేత కింగ్‌డమ్ కమ్ ఆడించాలనుకుంటున్నాను, కష్టం ఎక్కువుండే హార్డ్‌కోర్ పద్ధతిలో. అందులో పటం ఉంటుంది, పటం మీద మనం ఎక్కడున్నామో మాత్రం ఉండదు. సూర్యుణ్ణి చూసుకోవాలి, దారి పక్క సిలువలు గుర్తుపెట్టుకోవాలి, ఎదుటివాడు చెప్పేది వినాలి. వాడేం చేస్తాడో నాకు తెలుసు. అడవిలో తప్పిపోయిన మరుక్షణం ఫోను తీసి వెతుకుతాడు. అందుకని ముందే ఫోను లాక్కుని బీరువాలో పెడతాను. మేనత్తగా ఆ మాత్రం అధికారం ఉంది. వదిన చదివితే చదవనీ.